పదిహేడో గది పెంకులు

సాల్మియా రేవు నుంచి ఫైలకా దీవికి ఫెర్రీలో గంట, గంటంబావు ప్రయాణం. ఆ దూరం పోవడానికి మున్నీ బీకి పదేళ్ళు పట్టింది.

అప్పటిదాకా దీవిలోకి పోలేదు గాని, దీవి మట్టిని ఆమె మూడు చలికాలాలు కడిగింది. దీవి నడుమ కుసూర్ అనే చోట ఒక పాత మఠం ఉంది. పన్నెండు వందల ఏళ్ళ కిందట క్రైస్తవ సన్యాసులు అక్కడ ఉండి ప్రార్థనలు చేసుకునేవాళ్ళు. తర్వాత ఎప్పుడో వెళ్ళిపోయారు, ఇసుక వచ్చి కప్పేసింది. విదేశాల నుంచి ఒక బృందం ఏటా చలికాలంలో వచ్చి దాన్ని తవ్వేది. తవ్వకంలో దొరికిన కుండపెంకులు ప్లాస్టిక్ పెట్టెల్లో లాంచీ ఎక్కి ఊళ్ళోకి వచ్చేవి. అర్దియాలో అద్దెకు తీసుకున్న ఒక ఇంటి వెనక వసారాలో, రెండు నీళ్ళ టబ్బులు ముందు పెట్టుకుని, పళ్ళు తోముకునే బ్రష్షుతో ఆ పెంకుల్ని ఒక్కొక్కటిగా కడిగిన మనిషి మున్నీ బీ. పెంకులు ఆమె దగ్గరికి వచ్చాయి. ఆమె పెంకుల చోటికి ఎన్నడూ పోలేదు. పనిమనిషిని పడవెక్కించి అది ఎక్కడి మట్టో చూపించాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

మున్నీ బీది రాయచోటి. ఇప్పుడు యాభై ఆరేళ్ళు. పొట్టి మనిషి, గట్టి ఎముక, కుడి మోకాలు ఒకటే మాట వినదు. ముప్పైల్లో ఉండగా ఇంటిపని వీసా మీద కువైట్ వచ్చి అర్దియాలో ఒక కువైటీ కుటుంబంలో చేరింది. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనివాళ్ళు మామా అంటారు. ఆ మామా పాత కట్టడాల వ్యవహారాలు చూసే ఆఫీసులో ఉద్యోగి. తవ్వకాల బృందానికి పెంకులు కడిగే మనిషి కావాలంటే మామా ఎక్కడా వెతకలేదు. మా ఇంట్లో ఒక మనిషి ఉంది, గిన్నె తోమితే ముఖం కనిపిస్తుంది అని చెప్పి మున్నీ బీని పంపింది. ఇంటి చాకిరీ ఇంటి చాకిరీగానే ఉంది, పెంకుల పని దాని మీద వచ్చి కూర్చుంది. జీతం మాత్రం ఒక్క మనిషిదే. దీన్ని అన్యాయం అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ మున్నీ బీని అడిగితే, ఆ మూడు చలికాలాలూ తన బతుకులో మంచి కాలమని చెబుతుంది. ఆ మాట కూడా అబద్ధం కాదు.

ఇంటిపనికి వచ్చిన మనిషికి చేతులు మాత్రమే ఉంటాయనీ, ఆ చేతులకు విద్య అంటదనీ లోకం అనుకుంటుంది. మున్నీ బీ చేతులు మొదటి నెలలోనే నేర్చుకున్నాయి. కాలిన పెంకు ఎంత రుద్దినా ఓర్చుకుంటుంది, సరిగ్గా కాలనిది నీళ్ళలో పెడితే బురదైపోతుంది. గోటితో తడితే ఖణీమన్నది మంచి కుండ, డబ్ అన్నది లోపల పగులున్న కుండ. పెంకు అంచు మట్టి రంగులో నల్లబడి ఉంటే అది ఆ కాలంలోనే పగిలినది. అంచు బిస్కెట్టు విరిచినట్టు తెల్లగా ఉంటే అది నిన్నా మొన్నా తవ్వేవాడి పికాసు తగిలి పగిలినది. ఆ తెల్ల అంచులు కనిపించినప్పుడల్లా మున్నీ బీ, తాను ఎన్నడూ చూడని ఆ తవ్వేవాణ్ణి వసారాలో కూర్చునే తిట్టేది.

పెట్టెల్లో గుడ్డ సంచులు, ప్రతి సంచిలో ఒక చీటీ ఉండేది. చీటీ మీద గది నంబరు. ఆమెకు ఇంగ్లీషు రాదు గాని అంకెలు వచ్చు. అన్నిటికంటే ఎక్కువ సంచులు పదిహేడో గదివి. కూజా మూతులు, పెద్ద కాగుల అంచులు, మసి పట్టిన అడుగులు, చేప ముళ్ళు, ఖర్జూరపు గింజలు. ఎవరూ చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది, అది వంటిల్లని.

ఆమె చేసిన ఒకే ఒక్క తప్పు కూడా ఆ గది పెంకు మీదే. మామా ఇంట్లో ఉతకాల్సిన బట్టకు ఎర్ర క్లిప్పు పెట్టి ఉందంటే దాని మీద మొండి మరక ఉందని, గట్టిగా రుద్దమని అర్థం. పదకొండేళ్ళ అలవాటు. మొదటి చలికాలం రెండో వారంలో ఒక పళ్ళెంలో పెద్ద కాగు అడుగు వచ్చింది. లోపలంతా నల్లగా మాడు. దాని మీద ఎర్ర చీటీ. మున్నీ బీ చీటీ పక్కన పెట్టి, బ్రష్షు చాలదని మామా ఇంటి నుంచి స్టీలు పీచు తెప్పించుకుని, అరగంట తోమింది. లోపలి భాగం తళతళలాడింది. ఎండలో పెట్టి, అందరికీ కనపడేలా అటు తిప్పి ఉంచింది.

సాయంత్రం పెంకుల సంగతి చూసే విదేశీ మేడమ్ వచ్చి చూసింది. తిట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చుండిపోయింది. ఎర్ర చీటీ అంటే కడగొద్దని అర్థమట. ఆ మాడును పరీక్షకు పంపితే పన్నెండు వందల ఏళ్ళ కిందట ఆ కాగులో ఏం వండారో తెలిసేదట. మామా ఆ మాటలన్నీ అరబ్బీలోకి మార్చి చెబుతుంటే మున్నీ బీ తలెత్తలేదు. ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున మేడమ్ కంటే ముందే వచ్చి కూర్చుని, ఒక్కో రంగు చీటీ ఎత్తి చూపించి ఇదేంది, ఇదేంది అని అడిగింది. ఆ తర్వాత మూడో చలికాలం ముగిసేదాకా ఆమె చేతిలో ఒక్క పొరపాటూ జరగలేదు. మూడో ఏడు పదిహేడో గది పెంకుల్లోంచి నలభై ఒక్క ముక్కల్ని వేలితో తడిమి తడిమి ఒకదానికొకటి అతికే వరుస పట్టుకుని ఒక నిలువెత్తు కాగును నిలబెట్టింది. మేడమ్ దాని ఫోటో తీసుకుంది. ఫోటోలో కాగు ఉంది, పక్కన కొలత కర్ర ఉంది.

ఆ తర్వాత బృందం వేరే దేశానికి పోయింది. మామాకు వయసైపోయి కొడుకు ఇంటికి చేరింది. ఇక ఖలాస్ అని మున్నీ బీని విడిచిపెట్టింది. ఆరేళ్ళుగా ఆమె ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికి అనుమతి కాగితం, సాల్మియాలో ఉండే ఇంజనీరు రవీంద్ర పేరు మీద ఉంది. విజయవాడ వాళ్ళు. భార్య ఉమ ఆస్పత్రిలో ల్యాబ్ డాక్టరు. పదిహేనేళ్ళ కూతురు అమృత. మంచివాళ్ళే. ఆరేళ్ళలో మున్నీ బీ పెంకుల సంగతి వాళ్ళ దగ్గర ఎత్తలేదు. వాళ్ళూ ఇంతకుముందు ఏం చేశావని అడగలేదు. పనిమనిషి ఇంతకుముందు ఏం చేసి ఉంటుంది? పనే చేసి ఉంటుంది.

ఫిబ్రవరి మొదటి శుక్రవారం తెలుగువాళ్ళ సంఘం ఫైలకాకు పిక్నిక్ పెట్టింది. ముప్పై కుటుంబాలు. ఉమ ఈ మాట చెప్పి, భోజనాల గిన్నెలు చూసుకోవడానికి నువ్వూ రావాలి అన్నప్పుడు మున్నీ బీ చేతిలో గరిటె ఆగింది. ఆ రాత్రి ఆమె నమాజు కొంచెం పొడుగైంది.

ఫెర్రీలో ఆమె కిటికీ వైపు కూర్చుని నీళ్ళకేసి చూస్తూనే ఉంది. ఒళ్ళో పులిహోర డబ్బా. ఈ నీళ్ళ మీదనే కదా పెట్టెలు వచ్చింది అనుకుంది. వెనక సంఘం కార్యదర్శి కుక్కుటేశ్వరరావు మైకు పట్టుకుని ఆ రోజు కార్యక్రమం చదువుతున్నాడు. ఆయనది పిఠాపురం. మైకు లేకపోయినా నలుగురికి వినపడే గొంతు. దిగగానే ఒంటెలు, తర్వాత ఇరాక్ యుద్ధంలో పాడైన ట్యాంకుల దగ్గర ఫోటోలు, భోజనం, తంబోలా, తాడు లాగుడు, నాలుగు గంటలకు తిరుగు ఫెర్రీ.

కుసూర్ లేదు.

మున్నీ బీ చివరిదాకా విన్నది. ఆరేళ్ళలో ఒక చెల్లెలి చావుకు సెలవు తప్ప ఏమీ అడగని మనిషి, ఉమ వైపు వంగి అడిగింది. "అమ్మా, దీవి నడుమన పాత మఠం ఉంటాదంట. ఆడికి పోరా?"

ఉమకు ఆశ్చర్యమేసింది. కార్యదర్శిని కేకేసి అడిగింది.

"అబ్బే, అక్కడేముందండీ, మోకాలెత్తు మొండిగోడలు," అన్నాడు కుక్కుటేశ్వరరావు. "నే చూశానండి. మా ఊళ్ళో కూలిన గొడ్లసావిడి ఇంతకంటే బావుంటుంది."

అందరూ నవ్వారు. మున్నీ బీ కూడా నవ్వింది గాని ఆమె బొటనవేలు డబ్బా మూత అంచు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. భోజనాలయ్యాక చూద్దాంలే అంది ఉమ. మాట ఇచ్చినట్టూ కాదు, ఇవ్వనట్టూ కాదు.

దీవి రేవులో సామాను మోయడానికి ఒక పికప్ బండి వచ్చింది. డ్రైవరుకు యాభై దాటి ఉంటాయి, ఎండకు మాడిన ముఖం, తలకు గళ్ళ గుడ్డ. బిర్యానీ గిన్నెను అతను బండిలోకి తోస్తుంటే మున్నీ బీ ఊరుకోలేదు. "ఒరేయ్ నాయనా, మెల్లగా పెట్టు, యాడికి పోతాది అది?"

అతను చేతులు ఆపి తిరిగి చూసి, అక్కను పిలిచినట్టు పిలిచాడు. "ఆపా, రాయచోటా?"

"నీది యాడ?"

"గాలివీడు."

పేరు దావూద్. దీవిలో విహారానికి వచ్చేవాళ్ళ విడిది కోసం బండి తోలుతున్నాడు. దీవి మీద ఊరనేది లేదు. యుద్ధం నాడు ఖాళీ చేసిపోయిన జనం తిరిగి రాలేదు, గోడల నిండా తూటాల గుంటలు అలాగే ఉన్నాయి. ఉండేదల్లా విడిదిలో పనిచేసేవాళ్ళూ, ఒంటెలూ, లెక్కలేనన్ని పిల్లులూ. కుసూర్ ఎంత దూరమని ఆమె అడిగింది. బండిలో పది నిమిషాలని, ఈ మధ్య ఎవరూ పోవడంలేదని, జనానికి ట్యాంకులే కావాలని అతను చెప్పాడు. చెప్పి, నీకెందుకు ఆపా ఆ ఇసుక అన్నాడు. ఆమె జవాబు చెప్పేలోగా ఎవరో యల్లా యల్లా, పదండి పదండి అని అరిచారు.

ఒంటెలైపోయాయి. ట్యాంకులైపోయాయి. భోజనాల షెడ్డు కింద మున్నీ బీ పిల్లుల్ని తోలుతూ గిన్నెల దగ్గర కూర్చుంది. బిర్యానీ, పులిహోర, గోంగూర, పెరుగన్నం అన్నీ తిన్నారు, మళ్ళీ తిన్నారు. ఒంటిగంట దాటాక సముద్రం మీద గాలి మొదలైంది. ఫెర్రీ కెప్టెన్ కబురు పంపాడు, గాలి ముదిరేలోగా పోవాలి, నాలుక్కాదు, మూడింటికే అందరూ రేవులో ఉండాలని. కుక్కుటేశ్వరరావు వెంటనే తాడు లాగుడు రద్దుచేసి తంబోలా మొదలుపెట్టాడు.

మున్నీ బీ ఎండ చూసింది. ఉమ వైపు చూసింది. ఉమ టికెట్టు మీద అంకెలు కొట్టేస్తోంది.

అడగకుండా పనిమనిషి గడప దాటితే ఈ దేశంలో దాన్ని ఏమంటారో ఆమెకు తెలుసు. పారిపోయింది అంటారు. పోలీసు కాగితంలో అదే మాట రాస్తారు. ఒక మనిషి నాలుగు గంటలు తనకిష్టమైన చోటికి పోవడానికీ పారిపోవడానికీ తేడా లేని చట్టం కింద ఆమె ఇరవై మూడేళ్ళు బతికింది. అందుకే ఆమె ఎప్పుడూ అడిగే పోయేది. అడిగి, వాళ్ళు ఆలోచించేదాకా నిలబడి, సరే అన్నాక పోయేది.

ఇప్పుడు నిలబడే టైము లేదు. ఆమె గిన్నెల మీద మూతలు బిగించింది, మూతల మీద రాళ్ళు పెట్టింది, చేతులు తుడుచుకుని తంబోలా ఆడుతున్న జనం నడుమకు పోయి ఉమ ముందు నిలబడింది. కుక్కుటేశ్వరరావు అరవై నాలుగు అంటూ నోరు తెరిచి ఆగాడు.

"అమ్మా, నేను కుసూర్‌కు పోతాండా. రెండున్నరకంతా వస్తా. పిల్లులు రాకుండా రాళ్ళు పెట్టినా."

అడగలేదు. చెప్పింది. ఉమకు ఆ తేడా అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది.

"అక్కడ ఏముంది మున్నీ బీ?"

"ఆడ నేను కడిగిన పెంకులుండే గది ఉంది. మూడేండ్లు కడిగినా. గదిని మాత్రం చూల్లే."

మైకులో ఆ మాట కూడా పడింది. ముప్పై కుటుంబాలూ విన్నాయి. అందరికంటే ముందు అమృత లేచింది, నేనూ వస్తా ఆంటీ అని. పిల్ల ఒక్కతే ఎందుకని రవీంద్ర లేచాడు. ఉమ టికెట్టు మడిచి బ్యాగులో పెట్టి, వచ్చి గిన్నెల పక్కన బల్ల మీద కూర్చుంది. మీరు వెళ్ళి రండి, పిల్లుల్ని నేను చూస్తాను అంది.

దావూద్ బండి మట్టిబాట మీద ఎగిరెగిరి పోయింది. మొన్నటి వానకు ఇసుక మీద సన్నటి పచ్చిక లేచి ఉంది. ముందు సీట్లో మున్నీ బీ తలుపు పిడి పట్టుకుని కూర్చుంది. దావూద్ ఇప్పుడు మళ్ళీ అడిగాడు, నీకేం సంబంధం ఆపా అని. ఆమె చెప్పింది. అర్దియా, వసారా, టబ్బులు, మేడమ్. అతను బండి వేగం తగ్గించాడు.

"పొట్టి జుట్టు, లావు కళ్ళద్దాలు?"

"ఆ మేడమే."

"నాలుగు చలికాలాలు తవ్వినా ఆపా నేను ఆడ. పదిహేడులోనే రెండేండ్లు."

మున్నీ బీ అతని వైపు పూర్తిగా తిరిగింది. "పికాసు యా చేత్తో పట్టుకుంటావు?"

"ఎడమ చేత్తో. ఎందుకు?"

"అట్ల చెప్పు. పెంకులన్నీ ఒకే పక్క పగిలొస్తాండె. నిన్ను తిట్టని రోజు లేదు తెలుసా? రెండేండ్లు తిట్టినా."

దావూద్ స్టీరింగు మీద పడి నవ్వాడు. వెనక సీట్లో రవీంద్రకు విషయమేంటో అర్థంకాలేదు, కానీ అమృత ఫోన్ తీసి రికార్డు నొక్కింది.

కుసూర్ వచ్చింది. కంచె, కంచెకు ఒక గేటు, గేటు దగ్గర బోర్డు, లోపల నడవడానికి రాళ్ళు పరిచిన బాట. ప్రార్థనలు జరిగిన చోటు కనిపిస్తోంది. కుక్కుటేశ్వరరావు అన్నది నిజమే, గోడలు మోకాలెత్తే. కానీ ఆ మోకాలెత్తు గోడ మీద అక్కడక్కడా సున్నపు పూత ఇంకా అంటుకునే ఉంది. మున్నీ బీ చెప్పులు విప్పింది. ఎవరూ విప్పమనలేదు. మన దీను, ఇస్లాం, ఈ నేల మీదికి వచ్చినాక కూడా వీళ్ళు ఇక్కడే ఉండి, వీళ్ళ ప్రార్థన వీళ్ళు చేసుకున్నారని మేడమ్ చెప్పింది ఆమెకు గుర్తుంది. అప్పటి మనుషులకు చేతనైంది ఇప్పటివాళ్ళకు ఎందుకు చేతకాదని ఆమె అప్పుడే అడిగింది. మామా ఆ ప్రశ్నను మేడమ్‌కు చెప్పలేదు.

"పదిహేడు యాడ తమ్ముడా?"

దావూద్ కుడివైపు చెయ్యి చాచాడు. చెయ్యి చాచినచోట చదునైన ఇసుక తప్ప ఏమీ లేదు.

తవ్విన గదులన్నిటినీ తెరిచి ఉంచరు. ఎండకూ వానకూ మట్టి గోడలు కరిగిపోతాయని, కొలతలు రాసుకున్నాక గుడ్డ పరిచి మళ్ళీ ఇసుకతోనే కప్పేస్తారు. చివరి ఏడు పదిహేడును కప్పింది దావూదే. ఈ సంగతి బండిలోనే చెప్పి ఉండాల్సిందని అతనికి ఇప్పుడు తోచింది. తల గోక్కున్నాడు.

మున్నీ బీ ఆ ఇసుకను చాలాసేపు చూసింది. పదేళ్ళు అనుకుని, సముద్రం దాటి, ముప్పై కుటుంబాల ముందు నోరు తెరిచి వచ్చింది ఈ చదును కోసమా? రవీంద్ర గొంతు సవరించుకుని, పోనీలే మున్నీ బీ, అన్నాడు. ఆ పోనీలే ఆమెకు నచ్చలేదు.

"కప్పింది నువ్వే కదా," అంది దావూద్‌తో. "గోడ యాడుందో నీకు తెల్దా?"

"కండ్లు మూసుకుని చెప్తా."

"మూసుకునే పన్లే. రా."

కప్పిన చోటును తొక్కకూడదని అందరూ గేటు దాటి వచ్చారు. కంచె బయట, బాట పక్కన ఖాళీ నేల ఉంది. దావూద్ అడుగులతో కొలవడం మొదలుపెట్టాడు. పొడవు పదకొండు అడుగులు, వెడల్పు ఏడు. మూలకొక రాయి పెట్టాడు. గోడ మందం ఎంతని రవీంద్ర అడిగాడు. ఇంజనీరు కదా, ఊరుకోలేడు. గజానికి జానెడు తక్కువ అన్నాడు దావూద్, జాన పెట్టి చూపించి. రవీంద్ర ఇంకొన్ని రాళ్ళు ఏరుకొచ్చి గోడ వరుస సరిచేశాడు. తూర్పు గోడలో గుమ్మం, ఉత్తరపు మూలన పొయ్యి. పొయ్యి చోట దావూద్ గుండ్రంగా గీత గీశాడు. ఇది తందూరు ఆపా, నా నడుమంత లోతు ఉండింది, లోపల బూడిద ఇంకా ఉండింది అన్నాడు.

ఇక అక్కడి నుంచి మున్నీ బీ అందుకుంది. గోడలు అతనికి తెలుసు, గదిలో ఏముండిందో ఆమెకు తెలుసు. గుమ్మం రాళ్ళ మధ్య నుంచే లోపలికి నడిచింది, రాళ్ళు దాటలేదు. పొయ్యి పక్కన మూడు గులకరాళ్ళు పెట్టి ఇవి మసి కాగులు అంది. వాటికి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నీళ్ళ కూజాలు. కూజాల మూతి దగ్గర బొటనవేలి నొక్కు ఉంటుంది, అన్ని కూజాలకూ ఒకే వేలు, అంటే చేసిన మనిషి ఒక్కడే. చేప ముళ్ళన్నీ గుమ్మం వైపు సంచుల్లోనే వచ్చాయి, అంటే శుభ్రం చేసింది గుమ్మంలో వెలుతురుకు కూర్చుని. ఖర్జూరపు గింజలు పొయ్యి వెనక. తిన్నవాడు వంట చేస్తూ తిన్నాడు, గింజలు వెనక్కి ఊశాడు. అమృత పకపకా నవ్వింది. దావూద్ అవునవును, గింజలు నాకు ఆ మూలనే దొరికె అన్నాడు. ఇద్దరూ ఒకరి వాక్యాన్ని ఒకరు పూర్తిచేస్తుంటే, పదకొండు అడుగుల ఖాళీ నేల మీద వంటిల్లు లేచి నిలబడింది.

గేటు దగ్గరి బోర్డు మీద తవ్వకం జరిపిన పండితుల వివరాలు ఉన్నాయి. తవ్వినవాడి పేరూ కడిగినదాని పేరూ లేవు. ప్రపంచంలో ఎక్కడి బోర్డూ అంతే. కానీ ఆ మధ్యాహ్నం పదిహేడో గది గురించి చెప్పగలిగింది ఆ బోర్డు కాదు.

దక్షిణపు గోడ వారన మున్నీ బీ అన్నిటికంటే పెద్ద రాయి పెట్టించింది. "ఇది నా కాగు. నలభై ఒక్క ముక్కలు. నేనే అతికిచ్చినా."

"అందులో ఏం వండేవాళ్ళు ఆంటీ?" అంది అమృత, ఫోన్ దగ్గరికి తెచ్చి.

"అది నీళ్ళది. వండింది ఈ మూడోదాంట్లో." పొయ్యి పక్కన చివరి గులకరాయిని కాలి వేలితో చూపించింది. "ఏం వండినారో తెల్దు. ఎవురికీ తెల్దు. తెలిసే దారి ఒకటి ఉండె, నేను తోమేసినా."

ఎర్ర క్లిప్పు సంగతి, స్టీలు పీచు సంగతి మొత్తం చెప్పింది. ఎక్కడా తగ్గించలేదు. రవీంద్రకు ఇబ్బందిగా అనిపించి, అమ్మూ, ఆ ముక్క తీసెయ్ వీడియోలోంచి అన్నాడు.

"తీయొద్దు సార్," అంది మున్నీ బీ. "మంచిగా చేసింది నాదైతే అదీ నాదే కదా. ఎర్ర చీటీ అంటే ఏందో ముందే ఒక మాట చెప్పింటే తోమకుందును. నేనూ అడిగింటే తోమకుందును. రెండూ ఉండనీ."

అమృత వీడియోను అలాగే ఉంచింది.

తిరిగి బండెక్కేటప్పుడు అమృత నేల మీద పడి ఉన్న చిన్న పెంకొకటి తీసి, గుర్తుగా ఉంచుకుంటానంది. మున్నీ బీ గొంతు ఒక్కసారిగా మారింది. ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు. యాడ తీసినావో ఆడనే పెట్టు, అంది. చోటు తప్పిపోయిన పెంకు ఇక ఏ కబురూ చెప్పలేదని, సంచిలో చీటీ పోతే మేడమ్ ఆ సంచిని ముట్టుకునేది కూడా కాదని చెప్పింది. అమృత వెనక్కి పోయి, తీసిన గుంటలోనే, తీసిన వైపుకే తిప్పి పెట్టింది. మున్నీ బీ వంగి చూసి, సరే అంది.

రేవుకు వచ్చేసరికి రెండూ ఇరవై ఐదు. దావూద్ గిన్నెల్ని ఫెర్రీలోకి ఎక్కించాడు, ఈసారి మెల్లగా. రాయచోటికి పోయినప్పుడు గాలివీడులో మా ఇంట్లో కబురు చెప్పు ఆపా అన్నాడు. ఏమని చెప్పాల అంది ఆమె. గది తవ్వినాడని చెప్పు, బండి తోల్తాడని వాళ్ళకు తెలుసు అన్నాడు.

ఉమ చీర కొంగు తడిసిపోయి ఉంది. పిల్లులు రాకుండా కాపలా కాయడంతో ఆగకుండా బిర్యానీ గిన్నె తానే కడగబోయింది. ల్యాబ్‌లో గాజు సీసాలు అద్దంలా ఉంచే మనిషికి గిన్నె అడుగు మాడు మాత్రం లొంగలేదు. ఎంత తోమినా పోవట్లేదు మున్నీ బీ, అంది సిగ్గుపడుతూ.

మున్నీ బీ గిన్నె లోపల బొటనవేలితో ఒకసారి తడిమింది. "ఉండనీలేమ్మా. మనమేం తిన్నామో ఎవురికన్నా తెలియాల కదా."

ఉమకు ఆ మాట అర్థంకాలేదు. అమృతకు అర్థమై నవ్వుతోంది. ఏంటో నాకూ చెప్పు అని ఉమ పక్కకు జరిగి తన బెంచీ మీద చోటిచ్చింది. గిన్నె కాళ్ళ దగ్గర పెట్టుకుని మున్నీ బీ ఆమె పక్కనే కూర్చుంది. ముందు సీటులోంచి కుక్కుటేశ్వరరావు మైకు పక్కన పెట్టేసి వెనక్కి తిరిగాడు, కాస్త గట్టిగా చెప్పండి, గాలికి వినపడ్డంలేదండి అన్నాడు.

మున్నీ బీ అర్దియా వసారా దగ్గర మొదలుపెట్టింది. టబ్బులు ఎక్కడ పెట్టేవాళ్ళో, నీళ్ళు ఎన్నిసార్లు మార్చేదో, తడి పెంకుకూ ఆరిన పెంకుకూ రంగు ఎలా మారుతుందో, ఏదీ వదలకుండా చెప్పుకుంటూ పోయింది. సాల్మియా మేడలు దగ్గరపడి ఫెర్రీ హారన్ కొట్టేటప్పటికి ఆమె ఇంకా మొదటి చలికాలంలోనే ఉంది.